మన పిల్లల బడి భద్రమేనా?



సంతలో వంకాయలు కొంటాం. ఒక్కొక్క కాయ తిప్పి చూస్తాం. పుచ్చు ఉంటే పక్కన పెడతాం. కుండ కొంటాం. వేలితో కొట్టి చూస్తాం. బర్రెను కొంటాం. పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, పాలు పిండి చూస్తాం.

మరి మన బిడ్డను రోజూ వదిలి వచ్చే చోటును ఎప్పుడైనా ఇలా చూశామా?

పొద్దున్నే కూలికి పోతాం. చంటిబిడ్డ చంకలో ఉంటే నాట్లు వెయ్యలేం, కలుపు తియ్యలేం. అందుకే బిడ్డను అంగన్‌వాడీలో దింపి పోతాం. బిడ్డ అక్కడే తింటుంది, అక్కడే ఆడుతుంది, అక్కడే నిద్రపోతుంది. అన్ని గంటలూ మన కళ్లు అక్కడ ఉండవు. మన కళ్ల బదులు అక్కడ ఏముంది? నియమాలు ఉన్నాయి. ఆ నియమాలు అమలవుతున్నాయో లేదో చూడడాన్నే తనిఖీ అంటారు.

తనిఖీ అధికారుల పని. అది నిజమే. కానీ మన పని కూడా. ఎందుకో చదువుదాం.

రెండు ఊళ్లు, ఒకే తేదీ

2004 జులై 16. తమిళనాడులో కుంభకోణం అనే పట్టణం. అక్కడ ఒకే కట్టడంలో మూడు బళ్లు నడిచేవి. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే చోట నిప్పు అంటుకుంది. పైన ఆకుల కప్పు. మంట ఆ కప్పు మీదుగా తరగతి గదుల దాకా పాకింది. మెట్లు ఇరుకు. పిల్లలు బయటికి రాలేకపోయారు. 94 మంది పిల్లలు చనిపోయారు.

2013 జులై 16. బీహార్‌లో సారణ్ జిల్లా, గండామన్ అనే పల్లె. ప్రాథమిక బడిలో పిల్లలు మధ్యాహ్నం అన్నం తిన్నారు. తిన్న కాసేపటికే వాంతులు మొదలయ్యాయి. 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్. మన పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మందే అది.

ఒకచోట నిప్పు. ఒకచోట విషం. ఈ రెండింటిలో మనకు కనిపించనిది ఏమైనా ఉందా? ఆకుల కప్పు పైన ఉంది. తల ఎత్తితే కనిపిస్తుంది. మెట్లు ఇరుకుగా ఉన్నాయి. ఎక్కిన వాళ్లందరికీ తెలుసు. పురుగుమందు, వంటనూనె ఒకచోటికి చేరాయి. పెద్ద చదువులు చదివిన వాళ్లకే తెలిసే సంగతులు కావు ఇవి. చూసి, అడిగే మనిషి కావాలి. అంతే.

కుంభకోణం ప్రమాదం తర్వాత సుప్రీంకోర్టులో కేసు నడిచింది. 2009లో తీర్పు వచ్చింది. బడి భద్రంగా ఉండడం కూడా పిల్లల చదువు హక్కులో భాగమే అని కోర్టు చెప్పింది. బళ్లలో మంటలు ఆర్పే సామాను ఉండాలని చెప్పింది. గండామన్ తర్వాత, 2015లో మధ్యాహ్న భోజనానికి నియమాలు రాశారు. పిల్లలకు వడ్డించకముందే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలి. వాళ్లలో ఒక టీచరు ఉండాలి. ఇది బడుల నియమం. అంగన్‌వాడీలోనూ ఇలా చేస్తే మంచిదే కదా!

నియమాలు వచ్చాయి. కానీ పిల్లలు పోయాక వచ్చాయి. మన ఊళ్లో అలా కాకూడదు.

నియమాలు ఏం చెబుతున్నాయి?

పిల్లలను చూసుకునే చోట్లు మూడు రకాలు.

మొదటిది అంగన్‌వాడీ. ఇది ప్రభుత్వానిది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ఈ పథకం మొదలైంది. ఇప్పుడు ఊరూరా ఉంది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీలో ఉచితంగా ఆహారం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ప్రతి అంగన్‌వాడీకి వంట చేసే వసతి, తాగే నీళ్లు, మరుగుదొడ్డి వసతి ఉండాలి. కాబట్టి ఈ మూడూ ఎవరో దయతో ఇచ్చేవి కావు. చట్టం ఇచ్చినవి.

అంగన్‌వాడీని చూడడానికి సూపర్‌వైజరు వస్తారు. ఆమె పైన సీడీపీఓ ఉంటారు. సీడీపీఓ అంటే శిశు అభివృద్ధి పథకం అధికారి.

రెండోది పట్నంలో డబ్బులు తీసుకుని నడిపే ప్లేస్కూలు. ఇలాంటి వాటికి జాతీయ బాలల హక్కుల కమిషన్ 2016లో మార్గదర్శకాలు రాసింది. ప్లేస్కూలుకు గుర్తింపు పత్రం ఉండాలి. మూడేళ్లు నిండని బిడ్డను చేర్చుకోకూడదు. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. పిల్లలను కొట్టకూడదు.

మూడోది పనిచేసే చోట పిల్లల గది. 50 మంది, లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఇది ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని మార్చినప్పుడు చేర్చారు. 2020లో చేసిన సామాజిక భద్రతా చట్టంలోనూ ఈ మాట ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు.

లైసెన్సు అనే మాట వింటుంటాం. లైసెన్సు అంటే అనుమతి పత్రం. ఎవరు నడుపుతారో, ఎక్కడ నడుపుతారో అందులో ఉంటుంది. ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా ఉంటుంది. గోడకు అద్దం కట్టి తగిలించారు కదా అని ఊరుకోవద్దు. దగ్గరికి వెళ్లి తేదీ చదవండి. ఆ తేదీ దాటిపోయిందా? అయితే అది ఉత్త కాగితమే.

అక్క, చెల్లెలు మాట్లాడుకున్నారు

చెల్లెలు: అక్కా, టీచరమ్మ మన వీధి మనిషే. పోయి ‘నీ బడి చూపించు’ అంటే మొహం ముడుచుకోదా?

అక్క: మీ ఇంటికి చుట్టం వచ్చింది. ‘అమ్మాయీ, మీ దూలం వంగింది, చూసుకో’ అంది. నీకు కోపం వస్తుందా?

చెల్లెలు: ఎందుకొస్తుంది? మంచే కదా చెప్పింది.

అక్క: ఇదీ అంతే. తగాదాకు పోవడంలేదు మనం.

చెల్లెలు: మనం అడిగితే ఆమె ఉద్యోగానికే ఎసరు వస్తుందేమో. ఆమెకు వచ్చేది ఎంతని? పాపం అనిపిస్తుంది.

అక్క: నువ్వన్నది నిజమే. అందుకే ముందు ఒకటి తెలుసుకోవాలి. ఏది ఆమె చేతిలో పని? ఏది కాదు? నీళ్ల బిందె మీద మూత పెట్టడం ఆమె చేతిలో ఉంది. కారే కప్పు ఆమె చేతిలో లేదు. అది అద్దె ఇల్లు. ఆమె ఇప్పటికే పైవాళ్లకు చెప్పి ఉంటుంది. ఒక్కతే చెబితే ఎవరు వింటారు? ఇరవై మంది తల్లుల సంతకాలు ఉన్న కాగితం పోతే వింటారు. ఆమె తరపున కూడా మనమే అడుగుతున్నామన్నమాట.

చెల్లెలు: మరి తప్పు ఆమెదే అయితే?

అక్క: అప్పుడూ అడగాలి. ముందు ఆమెనే అడగాలి. మారకపోతే పైవాళ్లకు చెప్పాలి. మొహమాటం మన ఇద్దరి మధ్య. నష్టం బిడ్డకు.

చెల్లెలు: మా అత్త, ‘ఇన్నాళ్లూ ఏం కాలేదుగా’ అంటుంది.

అక్క: కుంభకోణంలో కూడా జులై 15 దాకా ఏం కాలేదు.

పోయి చూద్దాం రండి

ఒక్కరే పోవద్దు. నలుగురు తల్లులు కలిసి పోండి. టీచరమ్మకు ముందుగా చెప్పి పోండి. పలకో, కాగితమో, పెన్సిలో తీసుకుపోండి. చూసింది అక్కడే రాసుకోండి.

1. కప్పు, గోడలు, నేల

తల ఎత్తి చూడండి. పెచ్చులు ఊడుతున్నాయా? దూలానికి చెదలు పట్టిందా? వాన పడితే ఎక్కడ కారుతుంది? వానకాలం రాకముందే ఒకసారి చూడాలి. నేల మీద గాజు పెంకులు, మేకులు ఉన్నాయేమో చూడండి.

2. తలుపు

లోపల పిల్లలు ఉండగా బయట తాళం వెయ్యకూడదు. తలుపుకు అడ్డంగా బియ్యం బస్తాలు, కట్టెలు పెట్టకూడదు. పిల్లలందరూ ఎంతసేపట్లో బయటికి రాగలరు? ఒకరోజు ఆటలాగా ఆడించి చూడండి. ‘గంట కొట్టగానే చెట్టు కిందికి పరుగు’ అని నేర్పండి. ఆట పిల్లలకు గుర్తుంటుంది.

3. కరెంటు

స్విచ్చిబోర్డు పిల్లల చేతికి అందుతోందా? తీగ పైతొడుగు ఊడిందా? ప్లగ్గు లేకుండా ఉత్త తీగలు బోర్డులో దోపారా? తడి గోడ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే వెంటనే మెయిన్ ఆపాలి. బాగు చేసేదాకా పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టకూడదు.

4. నీళ్లు, గోతులు

బావి, సంపు, నీళ్ల తొట్టి దగ్గరలో ఉన్నాయా? వాటికి మూత ఉందా? చిన్నబిడ్డకు బకెట్టు నీళ్లు కూడా ప్రమాదమే. తలకిందులుగా పడితే లేవలేదు. వదిలేసిన బోరుబావి ఉంటే మట్టితో పైదాకా పూడ్చాలి. 2010లో సుప్రీంకోర్టు ఇలాగే చెయ్యమని చెప్పింది.

తాగే నీళ్ల మీద మూత ఉండాలి. చెయ్యి ముంచకుండా పిడి ఉన్న గరిటెతో తియ్యాలి. తొట్టిని ఎప్పుడు కడిగారో అడగండి.

5. వంటచోటు

పొయ్యి దగ్గరికి పిల్లలు పోకుండా తలుపో, అడ్డమో ఉండాలి. పిల్లలకు వేడి సాంబారు గిన్నెతో కూడా పెద్ద ప్రమాదమే. దించిన గిన్నెను పిల్లలు తిరిగే చోట నేల మీద పెట్టకూడదు. చల్లారాకే వడ్డించాలి.

గ్యాస్ బండను నిలబెట్టి ఉంచాలి. పడుకోబెట్టకూడదు. పొయ్యి బండకన్నా ఎత్తులో ఉండాలి. రబ్బరు గొట్టానికి పగుళ్లు ఉంటే మార్చాలి.

బండ మీద ఒక రాత ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. పై చుట్టును పట్టుకుని ఉండే పట్టీల మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఎ అంటే మార్చి నెల వరకు. బి అంటే జూన్ వరకు. సి అంటే సెప్టెంబరు వరకు. డి అంటే డిసెంబరు వరకు. అంకె సంవత్సరాన్ని చెబుతుంది. ‘బి 28’ అని ఉంటే 2028 జూన్ దాటక ముందే ఆ బండను పరీక్షకు పంపాలి. తేదీ దాటిన బండ తెస్తే తీసుకోవద్దు. మన ఇంటి బండనూ ఇలాగే చూసుకుందాం.

6. తిండి

పాల ప్యాకెట్టు మీద, బాలామృతం ప్యాకెట్టు మీద తేదీలు ఉంటాయి. తయారైన తేదీ ఒకటి. ఎప్పటిలోగా వాడాలో ఇంకొకటి. రెండోది దాటితే బిడ్డకు పెట్టకూడదు. గుడ్డును నీళ్లలో వేసి చూడండి. మునిగితే మంచిది. పైకి తేలితే పాతబడింది, పారెయ్యాలి. బియ్యంలో, పప్పులో పురుగు ఉందా చూడండి.

పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా అందులో నూనె పొయ్యకూడదు, నీళ్లు పట్టకూడదు. ఫినాయిలు, బ్లీచింగు పొడి, ఎలుకల మందు వంట సామాను పక్కన ఉండకూడదు. ఎత్తులో, తాళంలో ఉండాలి.

7. మనుషులు

ఆ రోజు హాజరుపట్టీలో ఎంతమంది పేర్లు ఉన్నాయి? గదిలో తలలు ఎన్ని ఉన్నాయి? రెండూ కలవాలి. సాయంత్రం బిడ్డను ఎవరికి ఇస్తున్నారు? తెలియని మనిషి వచ్చి ‘నేను మేనమామను’ అంటే ఇవ్వకూడదు. బిడ్డ ఒక్కసారిగా ‘బడికి పోను’ అని ఏడుస్తోందా? కొట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకో అడగండి. ఎవరైనా కొట్టారా, ఎక్కడైనా చెయ్యి వేశారా అని మెల్లగా అడగండి. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో గట్టి చట్టం వచ్చింది. అలాంటిది తెలిస్తే పరువు అని దాచకూడదు.

తనిఖీ పుస్తకం చదువుదాం

అధికారి వచ్చి పోయినప్పుడు చూసింది రాస్తారు. ఆ రాత ఇలా ఉందనుకుందాం.

వచ్చింది ఎవరు: సూపర్‌వైజరు
ఏం చూశారు: వంటగది తలుపు గొళ్లెం ఊడింది. తొట్టికి మూత లేదు.
ఎప్పటిలోగా బాగుచెయ్యాలి: 15 రోజుల్లో
బాగుచేశారా: 

చివరి గడి చూడండి. ఖాళీగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన గడి అదే.

ఇప్పుడు పేజీ వెనక్కి తిప్పండి. పోయిన నెల ఏం రాశారు? గొళ్లెం ఊడింది. అంతకు ముందు నెల? గొళ్లెం ఊడింది. అంటే తనిఖీ జరిగింది. సంతకం పడింది. గొళ్లెం మాత్రం పడలేదు.

తనిఖీ అంటే సంతకం కాదు. లోపం చూడాలి, రాయాలి, గడువు పెట్టాలి, బాగుచెయ్యాలి, మళ్లీ వచ్చి చూడాలి. ఈ ఐదూ జరిగితేనే తనిఖీ పూర్తయినట్టు. ఒక్కటి తప్పినా బిడ్డకు లాభం లేదు.

నిన్నటిదాకా ఆ పుస్తకం మనకు నల్లని గీతలు. ఈరోజు అందులో ఏముందో మనకు తెలుసు. చదవడం వచ్చిన తల్లి ముందు ఖాళీ గడి దాక్కోలేదు.

పుస్తకం చూపించము అన్నారా? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తనిఖీలో ఏం రాశారో కాపీ ఇమ్మని సీడీపీఓ కార్యాలయంలో అర్జీ పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అర్జీ ఎలా రాయాలి?

నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీద మాట నిలబడుతుంది. అర్జీ చిన్నదిగా ఉంటే చాలు. ఇలా రాయండి.

సీడీపీఓ గారికి,
మా ఊరి అంగన్‌వాడీలో రోజూ 22 మంది పిల్లలు ఉంటారు. నీళ్ల తొట్టికి మూత లేదు. వంటగదికి గొళ్లెం లేదు. మూడు నెలలుగా తనిఖీ పుస్తకంలో ఈ మాట ఉంది. పనులు కాలేదు. పిల్లలకు ప్రమాదం. 15 రోజుల్లో బాగుచేయించమని కోరుతున్నాం.
ఇట్లు,
తల్లుల సంతకాలు

తేదీ వెయ్యడం మరవొద్దు. రెండు కాపీలు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఇంట్లో భద్రంగా దాచుకోండి. ఇంకో కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. గ్రామసభ జరిగినప్పుడు లేచి చదవండి. వేలిముద్ర వెయ్యకండి. సంతకం పెట్టండి!

అన్నిటికీ అర్జీ అక్కర్లేదు. తొట్టికి మూత చెయ్యడానికి ఒక రేకు ముక్క, ఒక పూట పని చాలు. ఊళ్లో వడ్రంగి ఉన్నాడు, పొదుపు సంఘం ఉంది. మనం చెయ్యగలిగింది ఈ వారమే చేద్దాం. చెయ్యలేనిది రాసి అడుగుదాం.

ప్రమాదం జరిగితే

కాలిన చోట చల్లని మంచినీళ్లు ధారగా పొయ్యాలి. 20 నిమిషాలు పొయ్యాలి. ఇంకు, పేస్టు, నెయ్యి, పసుపు రాయకూడదు. బొబ్బ చితకకూడదు.

బట్టలు అంటుకుంటే బిడ్డను పరిగెత్తనివ్వకూడదు. కింద పడుకోబెట్టి దుప్పటి చుట్టాలి.

కరెంటు పట్టుకుంటే బిడ్డను చేత్తో తాకకూడదు. ముందు మెయిన్ ఆపాలి.

గ్యాస్ వాసన వస్తే లైటు వెయ్యకూడదు, ఆర్పకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు. పిల్లలను బయటికి పంపాలి. బండ కట్టెయ్యాలి. తలుపులు, కిటికీలు తెరవాలి.

ఈ మూడు నంబర్లు పెద్ద అక్షరాలతో బడి గోడ మీద రాయించండి.
అంబులెన్సు: 108
అగ్నిమాపక దళం: 101
పిల్లల సహాయానికి: 1098

కొత్త మాటలు

తనిఖీ: సరిగా ఉందో లేదో పోయి చూడడం
లైసెన్సు: నడపడానికి ఇచ్చే అనుమతి పత్రం
గడువు: పని పూర్తి కావలసిన తేదీ
ముట్టినట్టు: మన కాగితం అందిందని రాసి ఇవ్వడం

మాట్లాడుకోండి

1. మన ఊరి అంగన్‌వాడీ సొంత కట్టడమా? అద్దె ఇల్లా? ఇల్లు బాగుచెయ్యాల్సింది ఎవరు?
2. కప్పు కారితే టీచరమ్మ తప్పా? నీళ్ల బిందెకు మూత లేకపోతే?
3. తనిఖీ పుస్తకంలో సంతకం ఉంది. లోపం అలాగే ఉంది. మీరైతే ఏం చేస్తారు?

ఈ వారం పని

నలుగురు కలిసి అంగన్‌వాడీకి వెళ్లండి. పైన చెప్పిన ఏడూ చూడండి. బాగున్నవి ఒకవైపు రాయండి. బాగులేనివి ఇంకోవైపు రాయండి. బాగున్న వాటికి టీచరమ్మను, ఆయమ్మను మెచ్చుకోండి. బాగులేని వాటి పక్కన ఎవరు చెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో రాయండి. వచ్చే నెల అదే తేదీకి మళ్లీ పోయి చూడండి.